అమ్మకెదురుగా

శ్యామలాంబ ఈమధ్య హరికథ చెప్పేది రాముడికి కాదనీ, నౌపడ నుంచి వచ్చి స్టేజీ అంచున కూర్చునే ముసలాయనకనీ ఎదురింటి మహాలక్ష్మమ్మ అందిట.

"ఆయన మీంచి సూపు తిప్పదంట! ఈ వయసులో ఇదేటి సోద్యం!" అని కుళాయి దగ్గర బుగ్గలు నొక్కుకుందిట.

ఆ మాట శ్యామలాంబ కోడలు విశాలి చెవిన పడింది. రాత్రి అన్నం దగ్గర మొగుడు అనంతకృష్ణకు చేరింది.

అతను గరివిడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. సెలవు పెట్టి నరసన్నపేట వచ్చిందే అమ్మ కోసం.

పోయినేడు రెండు ఊళ్లలో అమ్మ శృతి తప్పింది. వాళ్లు మళ్లీ పిలవలేదు. మిగిలింది సొంతూరి నవమి పందిరి ఒక్కటే.

"ఈసారీ తేడా వస్తే ఇంకొకర్ని పిలుస్తాం. ఏటనుకోకు" అని కమిటీ పెద్ద భీమశంకరరావు అతనితో ముందే చెప్పేశాడు.

"కథ లేకపోతే నేనెందుకురా?" అంది అమ్మ. అప్పట్నుంచీ ముద్ద దిగడం లేదు. వెనకనుంచి పిలిస్తే పలకడమూ లేదు.

అలకనుకున్నాడు.

తప్పు అమ్మ గొంతుది కాదు, స్టేజీదని అతని నమ్మకం. స్పీకర్లన్నీ జనం వైపే తిరిగుంటాయి. మృదంగం హోరులో తన పాట తనకే వినపడకపోతే ఎవరు మాత్రం శృతిలో నిలుస్తారు?

అందుకే పాడేవాళ్ల వైపు తిరిగుండే మానిటర్ స్పీకరు సొంతంగా కట్టడానికి పూనుకున్నాడు.

పాట నేరుగా అమ్మ మొహానికి తగిలేలా ప్లైవుడ్‌ను ఏటవాలుగా కోశాడు. మొదట పెట్టె గడగడలాడింది. రంపంపొట్టు జిగురులో కలిపి సందులు పూడ్చాడు. తర్వాత కాయిల్ కాలి ఇల్లంతా కంపు కొట్టింది.

"నవమి రేపేనండీ. ఇది పలుకుతాదా?" అంది విశాలి.

"పలక్కపోతే అమ్మ దక్కదే."

నవమినాటికి పలికింది.

తీరా పందిట్లో పెట్టెను పెట్టాల్సిన చోట ఆ నౌపడ ముసలాయన, కూర్మనాథం. జనానికి వీపు పెట్టి, అమ్మ నిలబడే చోటుకు ఎదురుగా కూర్చున్నాడు.

"లెగండి. ఇక్కడ స్పీకరొస్తాది."

"పక్కకి జరుగుతాను బాబూ. అమ్మగారికి నేను అగుపిస్తే సాలు."

అగుపించాలిట! అనంతకృష్ణకు ఒళ్లు మండింది.

"సిగ్గు లేదేటి? మా అమ్మని కుళాయికాడ మాట సేసేసినావు. మళ్లీ ఈ సాయలకి రాకు!"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. అమ్మ తయారవుతున్న గది వైపు చూసి మానుకున్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, బస్సుల వైపు నడిచాడు.

కథ మొదలైంది. పెట్టె గంటలా మోగింది.

అమ్మ పెట్టెను చూసింది. దాని వెనక చూసింది. పందిరంతా కళ్లతో వెతికింది. చివరికి పద్యం ఎత్తుకుంది.

మృదంగం ఒక దారి, ఆమె ఒక దారి.

అతను సౌండు పెంచాడు. ఇంకా పెంచాడు. ముందు వరసలో ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. అమ్మ రెప్ప కూడా కదపలేదు.

కథ సగంలోనే హారతి ఇచ్చేశారు.

"ఇంక విశ్రాంతి తీసుకోండమ్మా" అని భీమశంకరరావు శాలువా కప్పాడు.

అనంతకృష్ణ పరుగున స్టేజీ ఎక్కాడు. "ఎందుకమ్మా? ఇంత పెట్టె నీ మొహం మీదే పెట్టాను కదే!"

అమ్మ అతని పెదాల వంకే చూస్తోంది.

"కూర్మనాథం గారేరీ?"

"పంపేశాను. ఇంక రాడు."

అమ్మ పెట్టె మీద చతికిలబడింది.

"ఆయన జొరంతో రాలేకపోయిన ఆ రెండూళ్లలోనే కదరా నేను తప్పింది? నాకు సెవులు పోయి ఏడాది దాటింది. ఆయన సెయ్యి పైకీ కిందకీ ఆడితే శృతి, తొడమీద పడితే తాళం. అది సూసే పాడతన్నాను."