నీల్ వాటా

మా హిర్తా దీవిలో కొండచరియ మీద పట్టిన సముద్రపు పిట్టలను ఇంటింటికీ పంచుతారు. ఏ ఇంటి వాటా ఆ ఇంటి మగవాడే మోసుకెళ్తాడు. భర్త పోయినవాళ్ల వాటా మాత్రం గుమ్మం దాకా తెచ్చి ఇస్తారు.

పిట్టల కోసం చరియ దిగుతుంటే తాడు తెగి నా భర్త నీల్ సముద్రంలో పడిపోయి ఏడేళ్లయింది. ఆ రోజు పైన తాడు పట్టుకున్న ఫిన్లే మామే పిట్టలు పంచే పెద్ద. ఇప్పటికీ ఏటా మా వాటా వచ్చేసరికి “నీల్” అనే పిలుస్తాడు. అందరూ తలలు దించుకుంటారు. నేనే వెళ్లి మోసుకొస్తాను. నా మీద జాలి కాబోలు అనుకునేదాన్ని.

ఈసారి నడుము పట్టేసింది.

“ఇక చాలు మామా. నన్ను కూడా విధవల్లో కలిపెయ్. మొయ్యలేక చస్తున్నా.”

“కలపలేనే పిల్లా.”

“ఏం, నీ సొమ్మేం పోతుంది?”

మామ చేతిలోని పిట్టను కింద పెట్టాడు.

“వాడు పోయాడని నా నోటితో ఎలా అనను? తాడు తెగలేదే. చేతులు మండిపోయి నేనే వదిలేశా.”

నేను వంగి, పిట్టల్ని సంచిలోకి ఎత్తుకున్నాను.

“వచ్చే ఏడూ పిలువు మామా,” అన్నాను. “నీకు గొంతున్నన్నాళ్లూ పిలువు. మోసుకెళ్లడానికి నేనొస్తా.”