కొవ్వు గిన్నె

వంటింట్లో పెరుగు గిన్నె పక్కనే, ఇప్పుడు ఇంటింటా ఉన్నట్టు, అప్పలనరసమ్మ ఇంట్లోనూ ఓ కణాలు పెంచే పెట్టె ఉంది. అందులో ఆవిడ మూలకణాలు మూడు గిన్నెల్లో పెరుగుతున్నాయి. ఒకదాంట్లో తుంటి ఎముకలోంచి తీసినవి, ఒకదాంట్లో జ్ఞానదంతానివి, ఇంకోదాంట్లో పొట్ట కొవ్వువి. బాగా పెరిగినవాటితో ఆవిడ అరిగిన మోకాళ్ళకు కొత్త గుజ్జు వేస్తారు. ఏవీ పెరగకపోతే ఆవిడ ఇక మళ్ళోకి దిగి నాట్లు వేయలేదు. ఆవిడకు అదే దిగులు.

కోడలు నీలవేణి పెరుగు తోడుకుందా అని చూసినట్టే రోజూ మూతలు తీసి చూసేది. ఎముక గిన్నె, ఆవిడ వయసు వల్ల, నీరసించింది. పంటి గిన్నె కొన్నాళ్ళు పెరిగి ఆగిపోయింది. నర్సు మేరీ వచ్చిన రోజుకి కొవ్వు గిన్నె మాత్రం మీగడ కట్టినట్టు నిండుగా ఉంది.

"ఇదే వేద్దాం మామ్మా. పొట్ట బాగానే పెంచావు," అని నవ్వింది నర్సు.

నీలవేణి తల దించుకుంది. "నెయ్యి పోసి పోసి నన్ను గుమ్మడికాయను చేసీసినావు" అని అత్త దెప్పని రోజు లేదు.

"నానెక్కడ పెంచినానమ్మా," అంది అప్పలనరసమ్మ, కోడలి వైపు చూడకుండా. "అదంతా మా కోడలు పోసిన నెయ్యే."

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర, నెయ్యి గిన్నె ఆవిడే అందుకుని కోడలి కంచంలోకి వంచింది.

"నువ్వూ తినే. రేపు నీ మోకాళ్ళకీ కావాల."