దీపికకు మాటొచ్చింది

ఆ సాయంత్రం ఆత్మారాం చేతిలో చెరుకుగడ విరిగిపోయింది. మిగిలిన ముక్కతోనే భార్యను మళ్లీ కొట్టాడు.

కడుపుతో ఉండి గ్రహణం నాడు గంగమణి కత్తి పట్టబట్టే కూతురు దీపిక మొర్రితో పుట్టిందని అతని కక్ష. పెదవి పసితనంలోనే కుట్టించారు. అంగిట్లో చీలిక అలాగే ఉండిపోయింది. రెండోసారి దవాఖాన మెట్లెక్కనివ్వలేదు అతను. ఏడేళ్లొచ్చినా పిల్ల మాట ముక్కులోంచే వచ్చేది. తల్లికి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

గంగమణి నేలకూలాక ఆత్మారాం పిల్లను జుట్టు పట్టి బయటికి ఈడ్చాడు.

"దీన్ని కాల్వల పారేసొస్త. పీడ పోతది."

తెల్లారి రెంజల్ దారిలో, కాల్వ తూము దగ్గర అతని శవం తేలింది. దీపిక ఇంట్లో ఓ మూల ముడుచుకుని ఉంది.

ఎస్సై నాగేందర్ ఊరంతా వాకబు చేశాడు. చూశామన్నవాళ్లు దొరకలేదు. పిల్లను అడిగితే ఏడుస్తూ ఏదో చెప్పింది. ఒక్క ముక్కా అర్థంకాక గంగమణి వైపు చూశాడు.

"బాపు తాగి, కాలు జారి పడ్డడు అంటున్నది సార్," అంది గంగమణి, వాచిన మూతితో.

అంతటితో కేసు మూసేశారు.

కొన్నాళ్లకు బడికొచ్చిన డాక్టరమ్మ దీపిక నోరు తెరిపించి చూసింది. నిజామాబాద్‌లో ఉచితంగా ఆపరేషన్ చేసి, మాట కూడా నేర్పిస్తారంది.

"అన్ని మాటలు సాఫ్‌గ వస్తయా అమ్మా?" అని అడిగింది గంగమణి.

వస్తాయంది డాక్టరమ్మ. గంగమణి ఏమీ తేల్చకుండానే లేచి వచ్చేసింది. కోతంటే భయపడిందనుకున్నారు ఊళ్లో.

నెల తిరక్కుండానే దీపిక నెత్తురోడుతూ బడి నుంచి వచ్చింది. ఎవడో రాయితో నుదురు పగలగొట్టాడు. వాడి పేరు తల్లికొక్కతికే అర్థమైంది. గంగమణి పోయి నిలదీస్తే, వాడి తల్లి ఎదురు ఆమె చెంపే వాయించింది.

"అది ఏమన్నదో ఎవలికెరుక? నువ్వే కల్పిచ్చి చెప్తున్నవ్."

మర్నాడే గంగమణి బిడ్డను తీసుకుని నిజామాబాద్ బస్సెక్కింది.

అంగిలి కలిపి కుట్టారు. పుండు మానాక అద్దం ముందు కూర్చోబెట్టి బ, ప, క పలికించారు. గంగమణి పక్కనే కూర్చుని బిడ్డ నోటినే చూస్తుండేది.

మరుసటేడు బోధన్ సంతలో నాగేందర్ ఎదురుపడ్డాడు. ఆపరేషన్ సంగతి విని మురిసిపోయాడు. వంగి పిల్ల బుగ్గ తట్టాడు.

"ఏదీ బిడ్డా, ఒక్క మాట మాట్లాడు. వింట."

దీపిక తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేర్పినట్టే ఒక్కో అక్షరం విడమరిచి పలికింది.

"మా అమ్మ బాపును కాల్వల నూకలేదు సార్."