సోమవారం దాకా తెరుచుకోని తాళం

"ఏవండీ, తలుపు తీయండి!"

శుక్రవారం పొద్దున్నే తాళాలాయన భార్య కొట్టు తలుపు దబదబా బాదింది.

"తీయలేను," అన్నాడు తాళాలాయన లోపలి నుంచి.

"ఎందుకని?"

"తాళం పడిపోయింది."

"కొట్టు నిండా తాళాలే. ఏ తాళం?"

"కొత్తది. నేనే చేశాను. గురువారం రాత్రి పడితే సోమవారం పొద్దున తొమ్మిదింటి దాకా ఎవరు తీసినా రాదు."

ఆమె నెత్తి కొట్టుకుంది. ఇకనుంచి వారానికి నాలుగు రోజులే పని, మూడు రోజులు విశ్రాంతి అని ఆయన వీధంతా చెప్పుకున్నాడు. తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు కూడా. సెలవు రోజుల్లో చెయ్యి ఊరుకోక కొట్టు తెరుస్తానేమోనని, తనను తాను బయట ఉంచుకోవడానికే ఈ తాళం చేశాడట.

"బయట ఉండాల్సిన మనిషి లోపలెందుకు ఉన్నారు?"

"రాత్రి చివరి స్క్రూ బిగిస్తున్నాను. గాలికి తలుపు పడింది."

"అయ్యో! మొట్టమొదటి సెలవు ఇలా తగలడిందా?"

"ఏం చేస్తాం," అన్నాడాయన నీరసంగా.

"అది కాదండీ, ఇక్కడ మా తమ్ముడు వచ్చాడు."

తమ్ముడు ఊరికే రాలేదు. తోపుడు బండి మీద బీరువా తెచ్చాడు. ఒంటి మీద పెళ్లాం స్వెటరు వేసుకున్నాడు. పువ్వుల స్వెటరు. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి.

"బావా, బీరువా తాళం పట్టేసింది. నా బట్టలన్నీ అందులోనే ఉన్నాయి. నీకు సెలవని అక్క చెప్పింది. ఎలాగూ ఖాళీయేగా అని తోసుకొచ్చా."

వాడి వెనక అత్తగారు ఉంది. ఆమె చంకలో రేకు పెట్టె ఉంది.

"అల్లుడుగారూ, దీని తాళంచెవి పోయి పదకొండేళ్లయింది. లోపల ఏం పెట్టానో నాకే గుర్తు లేదు. తొందరేం లేదు. మీరు ఖాళీ అయ్యేదాకా ఆగుదామనుకున్నాను. అయ్యారుగా!"

ఆమె వెనక, ఈ కొట్టు అద్దెకిచ్చిన యజమాని.

"నావి తలుపులేనయ్యా. ఇరవై రెండు. అన్నీ కిర్రుకిర్రుమంటున్నాయి. నీకెంత, మూడు రోజుల పని."

పది గంటలయ్యేసరికి వరుస మలుపు దాటింది. సైకిలు భుజాన మోసుకొచ్చినవాడొకడు. మరుగుదొడ్డి తలుపు ఊడదీసి పట్టుకొచ్చినవాడొకడు, ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తున్నారు కాస్త ముందు పోనివ్వమని అందర్నీ బతిమాలుతున్నాడు. చివర ఒక పెద్దాయన వట్టి చేతులతో నిలబడ్డాడు.

"మీదేమిటండీ?" అని అడిగారు.

"ఇంకా అనుకోలేదు. వరుస చూసి నిలబడ్డాను."

లోపలి నుంచి తాళాలాయన గొంతు వినిపించింది. "అందరూ సోమవారం రండి. చేసిపెడతాను."

"సోమవారం నీకు పనుంటుందిగా!" అన్నారంతా ఒక్కసారే.

బావమరిది చొక్కా లేని మనిషి, ఆగలేకపోయాడు. ఎక్కడి నుంచో గునపం తెచ్చాడు.

"పక్కకు జరుగు బావా. గోడ కొట్టేస్తా."

"ఒరేయ్, గోడ ముట్టుకోకు!" తాళాలాయన గావుకేక పెట్టాడు. "అదిరిందంటే తాళం లోపలి గడియారం ఆగిపోతుంది. ఇక నాకు సోమవారమే రాదు!"

బావమరిది గునపం కింద పెట్టేశాడు. సోమవారం రాని మనిషిని ఏం చేసుకోవాలో ఎవరికీ తోచలేదు.

భార్య స్టూలెక్కి కిటికీ ఊచల్లోంచి టిఫిను డబ్బా అందించింది.

"నీళ్లున్నాయా?"

"కుళాయి ఉంది."

"పడుకోవడానికి?"

"ఏదో సర్దుకుంటాను. నా గురించి బెంగపడకు."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, మూడు రోజులు హాయిగా కాళ్లు చాపుకుంటానని నెలంతా కలవరించాడు. ఆమె స్టూలు దిగి, తమ్ముడి వైపు తిరిగింది.

"పక్క వీధి తాళాలాయన్ని పిలుచుకురా. మీ బావకు తెలిస్తే చిన్నతనంగా ఉంటుంది. అయినా సరే, పిలుచుకురా."

ఆ ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా పడదు. ఒకరి తాళం ఇంకొకరు చూస్తే నవ్వుతారు. అయినా పక్క వీధి ఆయన వెంటనే వచ్చాడు. జుట్టు నిండా సున్నం, చెవి మీద సున్నం. చేతిలోని కుంచె ఇంటి దగ్గర పెట్టడం కూడా మరిచిపోయి పరుగెత్తుకొచ్చాడు.

"ఇరవై ఏళ్ల నుంచి ఈ రోజు కోసమే చూస్తున్నాను," అన్నాడు. "జరగండి."

కుంచె పక్కన పెట్టి, సంచిలోంచి సన్నటి ఇనుప పట్టీ తీశాడు. తలుపు సందులో పెట్టి పైకి కిందికి ఆడించాడు. చెవి ఆనించాడు. మళ్లీ ఆడించాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

లోపల ఎవరో మెల్లగా దగ్గారు.

పక్క వీధి ఆయన పట్టీ బయటికి లాగి, తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు.

"అమ్మా, నా బతుకులో ఇలాంటి తాళం చూడలేదు," అన్నాడు. "ఇది నా వల్ల కాదు. చేసినవాడి వల్లా కాదు. సోమవారం దాకా ఆగాల్సిందే."

ఆయన నోట ఆ మాట వచ్చాక ఇక ఎవరికీ ఆశ లేకపోయింది. సైకిలు వెళ్లిపోయింది. మరుగుదొడ్డి తలుపు పరుగున వెళ్లిపోయింది. వట్టి చేతుల పెద్దాయన అందరికంటే ఎక్కువ బాధపడుతూ వెళ్లాడు. బావమరిది బీరువా తోసుకుంటూ పోయాడు. భార్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, కళ్లు తుడుచుకుని మలుపు తిరిగింది.

పక్క వీధి ఆయన వీధి ఈ చివర చూశాడు, ఆ చివర చూశాడు. వంగి, తాళంచెవి పెట్టే కన్నానికి నోరు ఆనించాడు.

"అన్నా, తాళమూ లేదు గీళమూ లేదు, లోపలున్నది ఒట్టి గడియ. గబుక్కున తియ్యి, నాకూ ఇవాళ సెలవే."