మెయిన్ ఆపిన తర్వాత

రాత్రి స్విచ్‌బోర్డు నుంచి పొగ రాగానే అమ్మ బిందెడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది.

"నీళ్ళొద్దమ్మా, షాకు కొడుతుంది!" అని చెల్లి ఆపింది.

నేను వరండాలోని మెయిన్ ఆపేశాను. ఇల్లంతా చీకటైంది. ముగ్గురం బయటికొచ్చి ఫైరింజనుకు ఫోన్ చేశాం.

"చెల్లి సర్టిఫికెట్లు బీరువాలోనే ఉండిపోయాయిరా. చిటికెలో తెచ్చేస్తా," అంటూ అమ్మ గుమ్మం వైపు కదిలింది.

చెల్లి ఆమె చేయి పట్టుకుంది. "అవి పోతే డూప్లికేట్లు ఇస్తారు, నువ్వు పోతే ఇవ్వరు!"

అమ్మ చేయి విదిలించుకుంటుండగా లోపల ఫ్యాను తిరగడం వినిపించింది. మాకు ఇన్వర్టరు కూడా లేదు.

"మెయిన్ ఆపావు కదరా?" అమ్మ గొంతు తగ్గించింది.

"ఆపానమ్మా."

అమ్మ ఇక పెనుగులాడలేదు. చెల్లి చేతినే గట్టిగా పట్టుకుంది.

లోపల ఎవరో ఫ్యాను వేగం పెంచారు.