ఇంట్లో ఉంటేనే ఇల్లు

వానకి కలుగు కొట్టుకుపోయాక నూకాలు అనే చిట్టెలుక పిల్లల్ని వెంటేసుకుని, గూడులేనివాళ్లకి తొర్రలు ఇప్పించే సంఘం చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. ఆ సంఘానికి పెద్ద ఓ తాబేలు. నెత్తిన చినుకు పడితే చటుక్కున ఇంట్లోకి పోగల ఘనుడు.

"విచారణకి వస్తాను. అప్పుడు నువ్వు ఇంట్లో కనబడాలి. లేదంటే జాబితాలో నీ పేరు కొట్టేస్తాను," అన్నాడాయన.

"ఇల్లే ఉంటే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాను బాబయ్యా?"

"రూలు రూలే!" అని తాబేలు తల లోపలికి లాక్కుని కునుకు తీశాడు.

నూకాలుకి ఒళ్లు మండింది. పిల్లల్ని తోసుకుంటూ వెనకవైపు నుంచి ఆ డిప్పలోకే దూరింది.

తాబేలు ఉలిక్కిపడ్డాడు. "ఎవర్రా లోపల?"

"నేనే బాబయ్యా, నూకాల్ని. ఇంట్లోనే ఉన్నాను, రాసుకోండి. పిల్లలు అయిదుగురు. పళ్లొస్తున్నాయి కదా, ఏది దొరికితే అది కొరికేస్తున్నారు."

"అమ్మో! బయటికి రావే తల్లీ!"

"వస్తే ఇంట్లో కనబడను కదండీ. పేరు కొట్టేస్తారు."

ఖాళీ తొర్ర అడవికి ఆ చివర ఉంది. అయినా పొద్దు వాలకముందే నూకాలు పిల్లలతో అందులో దిగింది. తాబేలు పరుగెత్తడం ఆ అడవి చూడటం అదే మొదటిసారి.