కుక్కతోకకు తర్జుమా

"కుక్కతోక వంకర ఎవడు తీయగలడు? ఇదే మాట వాళ్ళకి చెప్పమ్మా. ఒక్క అక్షరం పోకూడదు!" మంత్రిగారు బల్ల చరిచారు. నీళ్ళ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

దుబాసీ బల్లకి అటు తిరిగింది. బల్లకి అటువైపు పక్కదేశపు ముసలి మంత్రి, ఆయన సహాయకులిద్దరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. వాళ్ళ దుబాసీకి పొద్దున్నే జ్వరం తగిలిందట, మీ దుబాసీ ఉందిగా, చాలు అని కబురు పంపారు. అది విని మంత్రిగారు పగలబడి నవ్వారు కూడా. "దుబాసీని తెచ్చుకునే దిక్కు లేదు గాని, వీళ్ళకి అణుబాంబు కావాలట!"

గోడ గడియారం పదీ ముప్పావు చూపిస్తోంది. పన్నెండింటిలోగా తేలకపోతే మంత్రిగారి యుద్ధవిమానాలు లేస్తాయి.

"వంకర... అంటే..." ఆమె వాళ్ళ భాషలో తడుముకుంది. "మన దారి ఎక్కడో వంకరపోయింది. సరిచేసే ఉపాయం మీకేమైనా తోస్తోందా?"

అనేశాక ఓరకంట మంత్రిగారి వైపు చూసింది. ఉన్నది ఉన్నట్టే చెప్తానని పొద్దున కాగితం మీద సంతకం పెట్టింది. తేడా తెలిస్తే ఉద్యోగం ఊడటమే కాదు, జైలు కూడా.

ముసలి మంత్రి ఆమెను తేరిపార చూసి, పావుగంట వ్యవధి అడిగాడు.

మంత్రిగారు తన వాళ్ళతో, దుబాసీతో పక్కగదిలోకి వెళ్ళి తలుపు ఓరగా వేయగానే మీసాల సేనాని అందుకున్నాడు. "పావుగంట దేనికి, దాచుకోవడానికా? ఏడేళ్ళు ఎరువుల ఫ్యాక్టరీ అని నమ్మించారు. ఎరువులకి తొంభై అడుగుల గొయ్యి దేనికండీ? వేసేద్దాం. ఒక్క పూటలో నేలమట్టం."

"మళ్ళీ కడతారు, ఈసారి ఇంకో వంద అడుగుల కింద" అన్నాడు కళ్ళద్దాల సలహాదారు. "సరుకులు ఆపేద్దాం. నూనె, ఇనుము, మందులు, అన్నీ. కడుపు మాడితే వాళ్ళే దారికొస్తారు."

"ఎవరి కడుపండీ మాడేది? ఆ ముసలాయనదా?"

అన్నది దుబాసీ. గోడకి నోరొచ్చినట్టు అందరూ ఇటు తిరిగారు.

"నిన్నెవరైనా అడిగారా అమ్మా?" అన్నారు మంత్రిగారు.

"అడగలేదండి. ఆ ఫ్యాక్టరీకి మన సరిహద్దు నలభై మైళ్ళు. ఇటు పక్క ఊళ్ళో నా కూతురుంది. నెలలు నిండాయి. బాంబుకైతే గురి చెప్తారు. ఆ తర్వాత లేచే విషగాలికి ఎవరు చెప్తారండీ, ఎటు వీయాలో?"

"ఊళ్ళు ఖాళీ చేయిస్తాంలే" అన్నాడు సేనాని, ఇల్లు ఊడ్పిస్తాంలే అన్నంత తేలిగ్గా.

"పన్నెండింటికి మీ విమానాలు లేస్తే, నా పిల్ల ఎన్నింటికి లేవాలండీ?"

సేనాని మీసం సవరించుకున్నాడు. మంత్రిగారి మొహం ఎర్రబడింది. "అయితే చేతులు కట్టుకుని కూర్చోమంటావా? రేపు బాంబు చేసుకుని మన నెత్తిన వేస్తే?"

"కూర్చోమనడం లేదు, వెళ్ళి చూడమంటున్నాను. పది దేశాల మనుషులు వెళ్ళి, తలుపులు తీయించి, నెలనెలా చూడాలి."

"దొంగింటికి వెళ్ళి, బాబూ నీ బీరువా తెరువు అని అడగాలా? తెరుస్తాడా?"

"అడిగి చూశామా అండీ?"

"చూడమ్మా, మాట మోయడమే నీ పని. మొయ్యి. మధ్యలో నీళ్ళు కలపకు."

మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నారు. మంత్రిగారు ఈసారి లేచి నిలబడి వేలు చూపించారు. "మీరు పుట్టుకతోనే అబద్ధాలకోరులు. ఇవాళ మధ్యాహ్నం మీ గోతిలోనే మిమ్మల్ని పాతిపెడతాను!"

దుబాసీకి ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళు అబద్ధమాడిన ఆ ముసలాయన మీద మంట, నలభై మైళ్ళు లెక్కలోకే రాని ఈ మీసాల మీద మంట. పైగా దుబాసీ 'ఆయన అన్నారు' అనకూడదు. ఎవరి మాటైనా 'నేను' అనే చెప్పాలి, అది ఆ పనిలో నియమం. 'పాతిపెడతాను' అని ఆమె తన నోటితో తనే అనాలి.

'నేను అనే కదా అనాలి, సరే' అనుకుంది. ముసలి మంత్రి కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఏడేళ్ళు అబద్ధం చెప్పారు. మీ మాట నేను నమ్మను. నమ్మాలంటే తలుపులు తీయండి. పది దేశాల మనుషుల్ని నెలనెలా రానివ్వండి. పన్నెండింటిలోగా చెప్పండి."

ముసలి మంత్రి వేలు చూపిస్తున్న మంత్రిగారిని చూశాడు. ఆమెను చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకున్నాడు.

"తీస్తాం" అన్నాడు. "పదిహేను రోజులకోసారి వచ్చినా సరే. మందులు మాత్రం ఆపకండి."

ఈ మాట ఆమె ఒక్క అక్షరం పోకుండా మోసింది.

మంత్రిగారు పక్కనున్న సేనాని వీపు తట్టారు. "చూశారా! నాలుగు గట్టిగా తగిలిస్తే గాని దారికి రారు ఈ జాతి!"

పన్నెండుకి పది నిమిషాలుండగా సంతకాలయ్యాయి. మంత్రిగారు విలేకరుల కోసం క్రాపు సరిచేసుకుంటూ బయటికి నడిచారు. దుబాసీ కాగితాలు సర్దుకుంటుంటే ముసలి మంత్రి చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి పక్కన ఆగాడు. వంగి, గొంతు తగ్గించి, ఆమె పుట్టి పెరిగిన భాషలో, తడుముకోకుండా అన్నాడు:

"కుక్కతోక దగ్గర కాస్త తడబడ్డావు తల్లీ. మిగతాదంతా బాగా చెప్పావు."